కరక్కాయ రాసిన ఉత్తరం

ముందుగా ఒక ఉత్తరం చదవండి.

"ఇనుము బావకు కరక్కాయ వ్రాయునది. ఉభయకుశలోపరి. నన్ను దంచి, నీళ్ళలో కలిపి, గుడ్డకు పట్టించి ఎండలో ఆరేశారు. చూసినవాళ్ళంతా నన్ను లేత పసుపు అనుకుంటున్నారు. నువ్వక్కడ కుండలో, బెల్లం నీళ్ళలో రోజుల తరబడి నాని, పులిసి, కరిగిపోయావని తెలిసింది. అచ్చు మీద ఎక్కి నువ్వు నా మీదకు దిగగానే మనిద్దరం కలిసి నలుపవుతాం. నేను లేని గుడ్డ మీద దిగితే నువ్వు ఏమవుతావో తెలుసా? తుప్పు మరక. నువ్వు రాకపోతే నేను? ఎన్నాళ్ళున్నా ఈ పసుపే. ఒక్క మాట మాత్రం గుర్తుపెట్టుకో. మోతాదు మించి రావద్దు. నువ్వు ఎక్కువైతే నలుపున్న చోటే గుడ్డ ముందు చివికిపోతుంది. ఆ పాపం నాకూ అంటుకుంటుంది. ఇట్లు, నీ రాక కోసం ఎదురుచూసే కరక్కాయ."

పెడనలో పుట్టి పెరిగినవాళ్ళకు ఇందులో కొత్త సంగతి ఒక్కటీ లేదు. ఇక్కడి కలంకారీకి పేరులో కలం ఉంది గాని చేతిలో ఉండదు. కలంతో గీసేది శ్రీకాళహస్తిలో. మనది కర్రఅచ్చు. కరక్కాయ పట్టించిన గుడ్డ, బెల్లంలో ఊరిన ఇనుప నీళ్ళు, పటిక, రంగు మరిగే డేగిసాలు, కాలవలో ఉతుకుడు, ఇసకలోనో గడ్డిలోనో ఆరబెట్టడం, ఇవన్నీ బడికి వెళ్ళే దారిలో కనబడేవే. అదే దారిన బడికి వెళ్ళిన పిల్ల సైన్సు పరీక్షలో రాసేది ఇంకొకటి: "కరక్కాయలోని టానిన్లు ఇనుప లవణాలతో చర్య జరిపి నల్లని పదార్థాన్ని ఏర్పరుస్తాయి." రెండు మార్కులు. తప్పేమీ లేదు. ఆ వాక్యం రాయడానికి ఏమీ అర్థం కానక్కర్లేదు, అదే చిక్కు. గైడులో చూసి దింపెయ్యొచ్చు. ఉత్తరం అలా దింపలేం. ఇనుము లేకపోతే ఏమవుతుంది, కరక్కాయ లేకపోతే ఏమవుతుంది, ఇనుము ఎక్కువైతే ఏమవుతుంది, ఈ మూడూ తెలియకపోతే ఉత్తరం రెండో వాక్యం దగ్గరే ఆగిపోతుంది.

పై ఉత్తరం నేను రాసిందే. ఎనిమిదో తరగతి పిల్లని కూర్చోబెడితే ఇంతకంటే బాగా రాస్తుంది, అనుమానం లేదు.

సైన్సు, లెక్కలు, సోషల్, ఏ సబ్జెక్టులోనైనా పిల్లల చేత ఇలా వేషం కట్టించి రాయించడానికి ఇంగ్లీషులో ఒక పొట్టి పేరుంది: రాఫ్ట్. రోల్, ఆడియెన్స్, ఫార్మాట్, టాపిక్ అనే నాలుగు మాటల మొదటి అక్షరాలు. మన మాటల్లో చెప్పాలంటే ఎవరు, ఎవరికి, ఎలా, ఏమని. రాఫ్టంటే తెప్ప కూడా. వరదొచ్చినప్పుడు అరటి బోదెలు కట్టి దాటిన దివిసీమ వాళ్ళకు ఆ పేరు వేరే చెప్పనక్కర్లేదు. ఈ తెప్ప అమెరికాలో మోంటానా అనే కొండల రాష్ట్రంలో కట్టారని పుస్తకాలు చెబుతాయి. కట్టింది అక్కడే. బోదెలు మాత్రం చాలా చోట్ల నుంచి కొట్టుకొచ్చాయి.

అన్నిటికంటే పాత బోదె గ్రీకు, రోమన్ బడులది. మాట నేర్పే ఆ బడుల్లో మెట్లు మెట్లుగా అభ్యాసాలు ఉండేవి. అందులో ఒకటి ఫలానా మనిషి ఫలానా సమయంలో ఏమని ఉంటాడో ఆ గొంతుతో చెప్పడం. స్నేహితుడు పాట్రొక్లస్ శవం మీద పడి గ్రీకు వీరుడు అకిలీజ్ ఏమని ఏడ్చి ఉంటాడు? బిడ్డలంతా చచ్చిపడి ఉంటే నయోబీ ఏమంటుంది? ఈ అభ్యాసం పేరు ఎథోపోయియా. నాలుగో శతాబ్దంలో అఫ్తోనియస్ రాసిన పాఠ్యపుస్తకంలో నయోబీ మాటలు నమూనాగా ఉంటాయి.

ఈ పద్ధతిలో చదువుకున్న ఒక పిల్లవాడి సాక్ష్యం మనకు దొరికింది. క్రీ.శ. 354లో ఉత్తర ఆఫ్రికాలో పుట్టిన అగస్టీన్, తర్వాత క్రైస్తవ గురువుల్లో పెద్దవాడయ్యాడు. చిన్నప్పుడు బళ్ళో జూనో దేవత కోపాన్ని తన సొంత మాటల్లో చెప్పమన్నారట. ట్రాయ్ రాజును ఇటలీకి రాకుండా ఆపలేక ఆమె రగిలిపోయే ఘట్టం అది. అగస్టీన్‌కు తోటి పిల్లలందరికంటే ఎక్కువ చప్పట్లు వచ్చాయి. పెద్దయ్యాక ఆత్మకథ రాసుకుంటూ, అదంతా పొగా గాలీ కాదా అని చిరాకుపడ్డాడు. ఈ పద్ధతి మీద మనకు తెలిసిన పాత ఫిర్యాదుల్లో ఇదొకటి, అందులో న్యాయం ఉంది. లేని కోపాన్ని నటించి మెప్పించడం తప్ప ఆ పిల్లవాడు అక్కడ తెలుసుకున్నది ఏమిటి? అయితే అలాంటి చదువులోంచే అంతకు కొన్ని వందల ఏళ్ళ ముందు ఓవిడ్ అనే కవి వచ్చాడు. పురాణ స్త్రీలు తమ మగవాళ్ళకు రాసిన ఉత్తరాలుగా ఒక కావ్యమే రాశాడు. ఇరవై ఏళ్ళు ఇంటికి రాని మొగుడికి పెనెలొపీ రాసే ఉత్తరం అందులో మొదటిది.

దూరమైన మగవాడికి ఆడది రాసే ఉత్తరం అనగానే కృష్ణా జిల్లాలో ఎవరికైనా ఇంకో పేరు గుర్తొస్తుంది.

పెడనకు పడమరగా, ఇదే జిల్లాలో, మొవ్వ మండలంలో కూచిపూడి ఉంది. సిద్ధేంద్రయోగి భామాకలాపానికి కాణాచి ఆ ఊరే. సత్యభామ తెర మీదుగా జడ వేసి వస్తుంది. తానెవరో చెప్పుకుంటుంది. నువ్వెవరమ్మా అని అడగడానికి పక్కన మాధవి ఉంటుంది. సొగసు మీద మాటా మాటా వచ్చి కృష్ణుడు వెళ్ళిపోయాడు, విరహం ముదిరింది, బింకం తగ్గింది. అప్పుడు భామ కృష్ణుడికి లేఖ రాసి మాధవి చేతికిస్తుంది. మొత్తం కలాపానికి ఆయువుపట్టు ఆ లేఖే. పై నాలుగు ప్రశ్నలూ దీని మీద పెట్టి చూడండి. ఎవరు? సత్యభామ. ఎవరికి? కృష్ణుడికి. ఎలా? లేఖ. ఏమని? తప్పు ఒప్పుకోకుండా ఒప్పుకుంటూ, రమ్మని. గర్వం ఉన్న మనిషి క్షమాపణ ఎలా చెబుతుందో చూపడానికి ఇంతకంటే మంచి సన్నివేశం ఉండదు.

అందులో చదువుకు పనికొచ్చే సంగతి మరొకటి ఉంది. కూచిపూడి భాగవతుల ఇళ్ళలో పుట్టిన ప్రతి మగపిల్లవాడూ బతుకులో ఒక్కసారైనా భామ వేషం కట్టాలని సిద్ధేంద్రుడు మాట తీసుకున్నాడని చెప్పుకుంటారు. ఆ ఒక్కసారితో ఆగకుండా బతుకంతా ఆ వేషంతోనే పేరు తెచ్చుకున్న వేదాంతం సత్యనారాయణ శర్మకు 1970లో పద్మశ్రీ వచ్చింది. కానీ ఆ నియమం పెద్ద నటుల కోసం పెట్టింది కాదు, ప్రతి పిల్లవాడి కోసం పెట్టింది. తనది కాని బతుకులోకి ఒకసారి దూరి, అక్కడి నుంచి మాట్లాడి రమ్మనడం. ప్రపంచంలో ఏ విద్యాశాఖా ఇంత ధైర్యమైన ఉత్తర్వు ఇచ్చి ఉండదు.

మరి ఇంత సంపద ఇంటి పక్కనే పెట్టుకుని మన బడి ఏం చేసింది? వేషాన్ని వార్షికోత్సవానికి పంపింది, కలాన్ని తరగతిలో ఉంచింది. స్టేజీ మీద ఏకపాత్రాభినయం, విచిత్ర వేషధారణ. నోటుబుక్కులో ఆవు వ్యాసం. ఆవు తప్ప ఇంకేదీ రాని కుర్రాడు ఏ ప్రశ్న ఇచ్చినా దాన్ని తిప్పి తిప్పి ఆవు దగ్గరకు తెచ్చే కథ మనందరికీ తెలుసు. నవ్వుకుంటాం గాని అందులో కుర్రాడి తప్పేముంది? ఆ వ్యాసం ఎవరూ చదవడానికి రాసింది కాదు.

తెలుగు నాట వ్యాసరచన మీద జరిగిన పెద్ద తగువు కూడా ఇక్కడే ఆగింది. పిల్లలు గ్రాంథికంలో రాయాలా, వాడుకలో రాయాలా అని మద్రాసు విశ్వవిద్యాలయం కాంపోజిషన్ మీద ఉపసంఘం వేసింది. దాని నివేదికతో విభేదిస్తూ గురజాడ అప్పారావు 1914లో అసమ్మతి పత్రం రాశారు. ఏ భాషలో రాయాలి అన్న ప్రశ్న మీద మహామహులు తలపడ్డారు. ఎవరికి రాయాలి అన్నది అప్పటికి ఎవరికీ ప్రశ్నగా తోచలేదు. పిల్లవాడు రాసేది మాస్టారికేగా!

ఆ ప్రశ్న అడగడానికి ఇంకో అరవై ఏళ్ళు పట్టింది. అడిగింది లండన్‌లో.

జేమ్స్ బ్రిటన్ మొదట హైస్కూలు ఇంగ్లీషు మాస్టారు, తర్వాత లండన్ విశ్వవిద్యాలయం విద్యాసంస్థలో ఆచార్యుడు. 1966లో అమెరికాలోని డార్ట్‌మత్ కళాశాలలో రెండు దేశాల ఇంగ్లీషు ఉపాధ్యాయులు, పండితులు వారాల తరబడి కూర్చుని, అసలు భాష నేర్పడమంటే ఏమిటని వాదించుకున్నారు. వాళ్ళలో బ్రిటన్ ఒకడు. ఇంటికొచ్చాక తన బృందంతో ఒక మొరటు పని చేశాడు. 65 హైస్కూళ్ళ నుంచి పిల్లలు మామూలుగా బళ్ళో రాసిన కాగితాలు తెప్పించాడు. ఇంగ్లీషు ఒక్కటే కాదు, చరిత్ర, భూగోళం, సైన్సు, మతబోధ, ఏది రాస్తే అది. మొత్తం 2,122 రాతలు. ఒక్కొక్కటీ తీసి రెండు ప్రశ్నలు వేశారు: ఇది దేనికోసం రాసింది? ఎవరి కోసం రాసింది?

1975లో లెక్క అచ్చయింది. దాదాపు 49 శాతం రాతలు పరీక్షకుడిగా కూర్చున్న మాస్టారి కోసం. ఇంకో 39 శాతం, కాస్త మెత్తబడి తనతో మాట్లాడే మాస్టారి కోసం. తోటి పిల్లలకోసం, తనకోసం, బయటి లోకంకోసం రాసినవి ఏరుకోవాల్సి వచ్చింది. అంటే పిల్లవాడు ఏళ్ళ తరబడి ఒకే మనిషికి ఉత్తరాలు రాస్తున్నాడు. ఆ మనిషికి ఉత్తరంలోని సంగతి ముందే తెలుసు! తెలిసిన సంగతే మళ్ళీ చెప్పించుకుని, తప్పులకు ఎర్రసిరా గీత పెట్టి తిరిగిస్తాడు. ప్రపంచంలో ఇంకెక్కడా ఇలాంటి ఉత్తరప్రత్యుత్తరాలు ఉండవు. మోటారు మెకానిక్కు రోగం తెలియని బండివాడికి చెబుతాడు, డాక్టరు తెలియని రోగికి చెబుతాడు. తెలిసినవాడికే చెప్పు అనేది బడి ఒక్కటే.

నాకు బ్రిటన్ మాటల్లో నచ్చినది ఈ లెక్క కంటే దాని పక్కనుండే ఇంకో గమనింపు. మనిషి ఆలోచన మొదట తనవాళ్ళతో మాట్లాడుకునే భాషలో, వదులుగా, తడబడుతూ వస్తుందని, బడి ఆ మెట్టును దాటవేసి నేరుగా శాస్త్రభాషలోకి తోస్తోందని ఆయన బాధ. మన గిడుగు, గురజాడల వాడుకభాష పక్షం వాళ్ళు విని ఉంటే, మేమూ దాదాపు ఇదే అన్నాం కదయ్యా అనేవారు.

అదే సమయంలో అమెరికాలో గోల మొదలైంది. 1975 డిసెంబరులో న్యూస్‌వీక్ పత్రిక, జానీకి రాయడం ఎందుకు రాదు అని ముఖచిత్ర కథనం వేసింది. ఊళ్ళన్నీ అట్టుడికాయి. కాలిఫోర్నియాలో ఒకప్పటి హైస్కూలు మాస్టారు జేమ్స్ గ్రే దానికి ముందే, 1974లో, బర్క్‌లీ విశ్వవిద్యాలయంలో ఒక వేసవి శిబిరం పెట్టాడు. ప్రొఫెసర్లు చెబితే మాస్టార్లు వినడం అక్కడ లేదు. రాయించడంలో చేయి తిరిగిన మాస్టారు తోటి మాస్టార్లకు చెబుతాడు, అందరూ తామూ రాస్తారు. బే ఏరియా రైటింగ్ ప్రాజెక్టు అని పేరు పెట్టుకున్న ఆ శిబిరం రాష్ట్రం రాష్ట్రంలో పిలకలు వేసింది. అందులో ఒకటి మోంటానా రైటింగ్ ప్రాజెక్టు.

రాఫ్ట్ అనే నాలుగక్షరాలు అక్కడే పుట్టాయి. 1980ల మొదట్లో ఆ ప్రాజెక్టులోని నాన్సీ వాండర్‌వాంటర్ అనే ఉపాధ్యాయిని ఈ నాలుగు ప్రశ్నలనూ ఒక వరసలో కట్టిందని తర్వాతి పుస్తకాలు ఆమెకు దఖలు పెడతాయి. అదే మోంటానాలో కాలిస్పెల్ అనే చిన్న ఊరి బడుల్లో కేరల్ శాంటా అనే విద్యావేత్త 1979 నుంచి వేరే పని మీద ఉంది. సైన్సు, చరిత్ర మాస్టార్ల చేత కూడా చదివించడం, రాయించడం చేయించాలని ఆమె పట్టు. ఆమె 1988 నాటి పుస్తకంలో చేరాక రాఫ్ట్ ఇంగ్లీషు క్లాసు గడప దాటింది. లెక్కల మాస్టారికీ, జీవశాస్త్రం టీచరుకూ అది పనిముట్టయింది.

ఆ తర్వాత ఉపాధ్యాయుల చేతిపుస్తకాల్లో తిరిగిన నమూనాలు భలే ఉంటాయి. వర్గమూలం పూర్ణసంఖ్యకు రాసే ప్రేమలేఖ: మన చుట్టరికం ఏమిటో వివరించు. ఆవర్తన దశాంశం పెట్టుకునే అర్జీ: నేనూ అకరణీయ సంఖ్యనే, నన్ను వాళ్ళలో చేర్చుకోండి. పాత నీటిబొట్టు కొత్త నీటిబొట్లకు రాసే యాత్రా దర్శిని. కప్ప తన తోకకప్ప పిల్లకు రాసే ఉత్తరం. ఏట్లో చేప గట్టు మీది రైతులకు రాసే విన్నపం: మీ పొలం ఎరువు నా ఇంట్లోకి వస్తోంది.

చదవగానే నవ్వొస్తుంది. నవ్వు వెనక పనితనం చూడాలి. దశాంశం అర్జీ పెట్టుకోవాలంటే పిల్లవాడు 0.333…ను పదితో గుణించి, అందులోంచి మొదటి సంఖ్యను తీసివేసి, అది మూడింట ఒకటి అని నిరూపించక తప్పదు. అర్జీ తీసుకునే గుమాస్తా ఊరికే ఒప్పుకోడు కదా! రుజువును లెక్కల పుస్తకం అడిగితే విసుగు, ఎదురు కూర్చున్న గుమాస్తా అడిగితే పంతం.

ఇప్పుడు మన సంగతికి వద్దాం. జాతీయ విద్యా ప్రణాళిక చట్రం 2005లో వచ్చింది. యశ్‌పాల్ ఆధ్వర్యంలో వచ్చిన ఆ పత్రం బట్టీని వదిలించాలంది. దాని వెంట ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2011 రాష్ట్ర విద్యా ప్రణాళిక పరిధి పత్రం, తర్వాత రెండు మూడేళ్ళలో అన్ని తరగతులకూ కొత్త పాఠ్యపుస్తకాలు, నిరంతర సమగ్ర మూల్యాంకనం వచ్చాయి. తెలుగు వాచకాల్లో పాఠం చివర వ్యక్తీకరణ–సృజనాత్మకత శీర్షిక కింద లేఖ రాయండి, కరపత్రం తయారుచేయండి, సంభాషణ రాయండి, ఆత్మకథ రాయండి, ఏకపాత్రాభినయానికి మాటలు రాయండి అని అడగడం మొదలైంది. ఇంగ్లీషు పుస్తకాల్లో డిస్కోర్సులన్న పేరుతో డైరీలు, సంభాషణలు, ఉత్తరాలు దిగాయి. ఇది చిన్న మార్పు కాదు. స్టేజీకి పంపిన వేషం నోటుబుక్కులోకి తిరిగొచ్చింది.

తిరిగొచ్చింది గాని రెండు చోట్ల ఇరుక్కుంది. మొదటిది, భాషల పీరియడు దాటి బయటకు పెద్దగా రాలేదు. సైన్సు, సోషల్ పుస్తకాల్లోనూ ప్రశంస, ప్రతిస్పందన లాంటి విద్యాప్రమాణాలు పెట్టారు. నినాదం రాయమనీ, కరపత్రం రాయమనీ అక్కడక్కడా అడిగారు. నినాదంలో సైన్సు ఎంత పడుతుంది? నీటిని కాపాడు, నీరు నిన్ను కాపాడుతుంది. అయిపోయింది. రెండోది అసలు చిక్కు. వేషం ఇచ్చారు, చిరునామా ఇవ్వలేదు. "చెట్టు ఆత్మకథ రాయండి." చెట్టు ఎవరితో చెప్పుకుంటోంది? గొడ్డలి పట్టుకుని వచ్చినవాడితోనా, కింద గోళీలాడే పిల్లలతోనా, రోడ్డు వెడల్పు చేసే ఇంజనీరుతోనా? ముగ్గురికీ మూడు కథలు. అదేమీ చెప్పకపోతే పిల్లవాడు పాత ఆవు వ్యాసంలో "ఆవు" తీసి "నేను" పెడతాడు. నేను సాధుజంతువును, నాకు నాలుగు కాళ్ళు, రెండు కొమ్ములు ఉండును. ఇప్పుడు గైడుల్లో ఇలాంటి ఆత్మకథలు రెడీమేడుగా దొరుకుతున్నాయి కూడా.

అందుకే నా లెక్కలో ఈ నాలుగు ప్రశ్నల్లో అసలు ఆవిష్కరణ రెండోది ఒక్కటే. వేషం రోము నాటిది, కూచిపూడి నాటిది. రూపాలు ఎప్పుడూ ఉన్నాయి. విషయం సిలబస్సు ఇస్తుంది. "ఎవరికి" అన్న మాటను బళ్ళోకి తెచ్చినవాళ్ళకే దండం పెట్టాలి. సత్యభామ లేఖ కూడా కృష్ణుడనే చిరునామా తీసేస్తే అలంకారాల పట్టిక అవుతుంది.

పెడన దగ్గరి బడుల్లో ఇది ఎలా ఉంటుందో ఊహించుకుంటూ ఉంటాను. లెక్కల్లో ఒకటి. దుప్పటి 90 అంగుళాల వెడల్పు, 108 అంగుళాల పొడవు. ఆరంగుళాల చదరపు అచ్చు. అడ్డంగా 15, నిలువుగా 18, మొత్తం 270 అద్దకాలు. మూడు రంగులకు మూడు అచ్చులు, 810 సార్లు చెయ్యి లేవాలి. షావుకారు ఏడంగుళాల అచ్చు చేయించి తెచ్చాడు. 90ని ఏడు భాగించదు, 108ని కూడా భాగించదు, అంచు దగ్గర పువ్వు సగం తెగుతుంది. అచ్చువేసే మేస్త్రిగా షావుకారు గారికి, ఆయన మనసు నొవ్వకుండా, ఈ అచ్చు ఎందుకు పనికిరాదో, ఏ కొలతలు పనికొస్తాయో ఒక చీటీ రాయండి. భాగహారం, సామాన్య కారణాంకాలు, మర్యాద, మూడూ అందులోనే. మనసు నొవ్వకుండా అన్న షరతు తీసేయకండి, దానితోనే తెలుగు మాస్టారికి కూడా పని పడుతుంది.

పటికకు ఇంకా మంచి వేషం ఉంది. ఎరుపు రావాల్సిన చోట అచ్చుతో అద్దేది పటిక. దానికి సొంత రంగు లేదు. అద్దినప్పుడు అక్కడ ఏమీ లేనట్టే ఉంటుంది. రంగు డేగిసాలో మరిగాక పటిక ఉన్న చోటల్లా ఎరుపు పట్టి నిలుస్తుంది, మిగతా చోట్ల ఉతుకుల్లో పోతుంది. ఊరు చూడటానికొచ్చి, ఇక్కడేమీ అద్దలేదే అని పెదవి విరిచిన పట్నం మనిషికి పటిక చెప్పే జవాబు ఏమిటి?

భూగోళానికి కాలవ ఉండనే ఉంది. బెజవాడ దగ్గర కృష్ణకు ఆనకట్ట 1855లో పూర్తయింది. దాని చోట ప్రకాశం బ్యారేజీ 1957లో వచ్చింది. అక్కడి నుంచి కాలవలెంట దిగే నీళ్ళకు పెడన, బంటుమిల్లి, కృత్తివెన్ను వైపు పొలాలు చిట్టచివరివి, శివారు ఆయకట్టు. పైవాళ్ళ మడులు నిండాక మనకు. శివారు మడిగా కాలవ లస్కరుకు ఒక అర్జీ రాయండి. అర్జీలో తిట్లు కుదరవు. వాలు ఎంత, తూము ఎక్కడ, నారు వయసెంత, ఉప్పు ఎందుకు పైకి తేలుతోంది, ఇవి ఉండాలి. దానికి లస్కరుగా జవాబు రాయమని పక్క బెంచీ పిల్లలకు ఇవ్వండి. మంచి జవాబు వస్తే అర్జీ రాసినవాడు గొణుక్కుంటాడు, పాఠం అప్పుడు మొదలవుతుంది. అమెరికా నమూనాలో ఏటి చేప రైతుకు రాసిన ఉత్తరం ఉంది చూశారా, దాన్ని కైకలూరు వైపు తిప్పితే ఇంకా గమ్మత్తు. అక్కడ చేపల చెరువు నీళ్ళు పక్క వరి మడిలోకి పోతాయి. ఉత్తరం మడి రాయాలి, చెరువుకు.

బందరు ఆంధ్ర జాతీయ కళాశాలను 1910లో కోపల్లె హనుమంతరావు, ముట్నూరి కృష్ణారావు, పట్టాభి సీతారామయ్య పెట్టినప్పుడు పుస్తకం పక్కన చేతిపనిని కూర్చోబెట్టారు. 1937లో వార్ధాలో గాంధీ నయీ తాలీం అన్నదీ చేతివృత్తి చుట్టూ సబ్జెక్టులను అల్లమనే. ఈ సీమకు ఆ ఆలోచన కొత్తది కాదని చెప్పడానికే ఈ మాట. చేతిపనిని చదువులోకి తెచ్చారు, ఆ చేతిపని గొంతుతో రాయించడం మిగిలింది.

ఇక జాగ్రత్త. వేషం కట్టించడంలో ప్రమాదం ఉంది, దాన్ని దాచకూడదు. 2013లో న్యూయార్క్ రాష్ట్రంలోని ఆల్బనీలో ఒక హైస్కూలు టీచరు, నేను నాజీ ప్రభుత్వ అధికారిని అనుకుని, యూదులు చెడ్డవాళ్ళని నన్ను నమ్మించేలా వ్యాసం రాయండి అని పిల్లలకిచ్చారు. పాత్ర ఉంది, పాఠకుడున్నాడు, రూపం ఉంది, విషయం ఉంది. నాలుగూ సరిగ్గా కుదిరాయి, పని మాత్రం ఘోరం. పిల్లల్లో కొందరు మేం రాయం అన్నారు. దేశమంతా గొడవైంది, ఆ టీచరును సెలవు మీద పంపారు. బానిసగా, బానిస యజమానిగా రాయమన్న చోట్లా అమెరికాలో ఇలాంటి తగువులే వచ్చాయి.

మనకు ఆ గీత ఎక్కడుందో చెప్పడానికి 1977 నవంబరు 19 చాలు. దివిసీమ ఉప్పెన రాత్రి. వేలాదిమంది పోయారు, ఊళ్ళకు ఊళ్ళు తుడిచిపెట్టుకుపోయాయి. నాగాయలంక, కోడూరు, అవనిగడ్డ వైపు బడుల్లో కూర్చున్న పిల్లల్లో ఎందరి ఇళ్ళలోనో ఆ రాత్రి పోయినవాళ్ళ ఫొటోలు గోడ మీద ఉంటాయి. కెరటంలో కొట్టుకుపోతున్న తల్లిగా మాట్లాడు అని పిల్లకు ఇవ్వడం చదువు కాదు, గాయం కెలకడం. అదే పిల్లకు, తుపాను షెల్టరు ఎక్కడ కట్టాలో, ఎంత ఎత్తున కట్టాలో సర్పంచిగారికి వివరించే ఇంజనీరు వేషం ఇవ్వండి. మడ అడవిగా రొయ్యల చెరువు యజమానికి ఉత్తరం రాయమనండి. ఉప్పెన ఎందుకొస్తుందో, ఎలా తగ్గుతుందో అంతా అందులో వస్తుంది. నొప్పిని నటించమనడం వేరు, నొప్పి తగ్గించే పని చేసే మనిషిగా ఆలోచించమనడం వేరు.

ఇంతకీ దీనివల్ల చదువు పెరుగుతుందా? కొలిచినవాళ్ళున్నారు. ఈ రకం రాత ఒక్కదాన్నే కాదు, సబ్జెక్టుల్లో రాయించడం మొత్తాన్ని కొలిచారు. 2004లో బాంగర్ట్-డ్రౌన్స్, ఆయన సహచరులు 48 అధ్యయనాలను కలిపి చూస్తే లాభం కనిపించింది, కానీ చిన్నది. తనకు ఏది అర్థమైందో ఏది కాలేదో పిల్లవాడు తరచి చూసుకునేలా అడిగినప్పుడు లాభం పెరిగింది. పొడుగాటి రాతపనులు ఇచ్చిన చోటా, ఆరు నుంచి ఎనిమిదో తరగతి పిల్లల్లోనూ తగ్గింది. 2020లో స్టీవ్ గ్రాహం బృందం 56 ప్రయోగాలను చూసి, సైన్సు, సోషల్, లెక్కలు మూడింటిలోనూ రాత చదువుకు తోడ్పడుతుందని తేల్చింది. మంత్రం కాదు, మందు. మోతాదు చిన్నదిగా ఉండాలి, తరచుగా పడాలి. పావుగంటలో అయ్యే చీటీ చాలు, పది పేజీల ఆత్మకథలు వద్దు.

మాస్టార్లకు ఒక మనవి. రేపటి పాఠానికి ఆ నాలుగు ప్రశ్నలూ కుదరకపోతే పోనివ్వండి. మీరిచ్చే ప్రశ్నలో "రాయండి" అన్న మాట ముందు ఒక్క పేరు చేర్చండి: సంగతి తెలియని మనిషి పేరు, వీలైతే అదే వీధిలో ఉన్న మనిషి పేరు. రాశాక ఆ కాగితం ఆయనకు నిజంగా ఇవ్వండి.

కరక్కాయ ఉత్తరం రాయించేవాళ్ళు దానికి సిరా కూడా పిల్లల చేతనే చేయించవచ్చు. అచ్చుబల్ల మీద గుడ్డను నల్లబరిచే ఆ ఇనుము–కరక్కాయ కలయికే, బెల్లం నీళ్ళకు బదులు అన్నభేదితో, మన ముత్తాతలు ఉత్తరాలు రాసుకున్న కరక్కాయ సిరా.